ఏ రంగు? ఏ వెలుతురు?

మైక్రోస్కోపు కొనబోయేవాళ్లు అంగట్లో మొదట అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. అమ్మేవాళ్లు కూడా ఆ అంకెనే పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయిస్తారు. రోజూ దాని ముందు కూర్చుని కణాలు చూసే టెక్నీషియన్లు మాత్రం ఆ అంకె ఊసే ఎత్తరు. కాంతిని స్లైడు మీదికి మళ్లించే కండెన్సరు సరైన ఎత్తులో ఉందా, రంగు తాజాదేనా, స్లైడుకు జిడ్డు లేకుండా కడిగారా అని చూసుకుంటారు. వాళ్లదే న్యాయం. కణంలో నూటికి 70 పాళ్లు నీళ్లే. మిగిలినదీ చాలావరకు పారదర్శకమే. నీళ్లలో ఉన్న నీళ్లలాంటి వస్తువును వెయ్యి రెట్లు పెంచినా కంటికి ఆనేదేమీ ఉండదు. చూడదలచినదానికీ దాని చుట్టూ ఉన్నదానికీ మధ్య తేడా పుట్టించాలి. ఆ తేడాను రంగు వేసి పుట్టించవచ్చు, వెలుతురును మలిచి పుట్టించవచ్చు. ఎప్పుడు ఏది అన్నది మనం ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో దాన్ని బట్టి తేలుతుంది. మూడున్నర శతాబ్దాల మైక్రోస్కోపీ చరిత్రంతా, నా లెక్కలో, ఈ ఎంపిక చరిత్రే.

దీన్ని గరాచర్మ నుంచి చెప్పడానికి కారణం ఉంది. దక్షిణ అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌ను (2024 నుంచి శ్రీ విజయపురం) ఆనుకుని ఉన్న చిన్న పట్టణమిది. 1978లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన సంస్థ, ఇప్పటి పేరు కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, ఇక్కడే ఉంది. దగ్గర్లోని డాలీగంజ్‌లో భారత వైద్య పరిశోధన మండలివారి ప్రాంతీయ కేంద్రం 1983 నుంచి పనిచేస్తోంది. ఒకచోట వంగమొక్క, మేక, కోడి, చేప. రెండోచోట మలేరియా, బోదకాలు, ఎలుక జ్వరం. మామూలు కాంతితో నడిచే మైక్రోస్కోపు ఎన్ని విధాల పనికొస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు తెలుగువాళ్లకు దగ్గర్లో లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఇక్కడి స్లైడు మీద ఆరే రక్తంలో మన రక్తమూ ఉంది.

రెట్ల సంగతి ముందే తేల్చేద్దాం

1873లో జర్మనీలోని యేనాలో ఎర్నెస్ట్ అబ్బే ఒక హద్దు చెప్పాడు. పక్కపక్కన ఉన్న రెండు చుక్కలు రెండుగా కనపడాలంటే వాటి మధ్య దూరం, వాడిన కాంతి తరంగదైర్ఘ్యంలో ఇంచుమించు సగమైనా ఉండాలి. మన కంటికి బాగా ఆనే ఆకుపచ్చ కాంతితో, మంచి ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సుతో లెక్కిస్తే అది దాదాపు 0.2 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎర్ర రక్తకణం వెడల్పు ఏడు మైక్రాన్ల పైచిలుకు. అందులో ఉంగరంలా కనపడే లేత మలేరియా పరాన్నజీవి రెండు మైక్రాన్లుంటుంది. క్షయ బాక్టీరియా మందం అర మైక్రానుకు లోపే. వీటన్నిటికీ వెయ్యి రెట్లు చాలు. రెండు వేలు, మూడు వేలు అని అచ్చేసిన పెట్టెలు చూపించేది పెద్దదైన మసకే.

వంద రెట్ల వస్తుకటకానికీ స్లైడుకూ మధ్య నూనె చుక్క వేయడం కూడా రెట్లు పెంచడానికి కాదు. గాజులోంచి గాలిలోకి రాగానే కాంతి పక్కలకు వంగిపోయి లెన్సుకు అందకుండా పోతుంది. ఈ నూనె కాంతిని వంచే తీరు గాజుదానికి దాదాపు సమానం కాబట్టి ఆ కిరణాలూ లోపలికొస్తాయి. వివరం పెరుగుతుంది. ఆ నూనెను పని అయ్యాక తుడవకుండా వదిలేయడం మన ల్యాబుల్లో సర్వసాధారణం. ఎండిన నూనె తర్వాతివారి కంటికి అడ్డం.

రంగు లేకుండా దొరికిన మలేరియా

మలేరియా పరాన్నజీవిని మొట్టమొదట చూసినవాడు ఆల్ఫోన్స్ లావెరాన్. 1880 నవంబరు 6న, అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో. ఆయన చూసింది రంగు వేయని పచ్చి రక్తం. అందులో ఒక గుండ్రని వస్తువు నుంచి సన్నటి తోకలు బయటికొచ్చి కొట్టుకుంటున్నాయి. రంగు వేసి ఉంటే ఆ జీవి చచ్చేది, కదలిక కనపడేది కాదు. కదలిక చూడకపోతే అది జీవి అని ఆయన అంత గట్టిగా అనగలిగేవాడూ కాదు.

దాని తర్వాతి అధ్యాయం మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి, దాని గోడను మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆ దోమ నాలుగు రోజుల కిందట హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. చెమటకు రాస్ మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కంటికటకమూ పగిలి ఉంది. పొట్ట గోడలో 12 మైక్రాన్ల వెడల్పున కొన్ని గుండ్రటి కణాలు కనపడ్డాయి. దోమ కణాలే అనుకుని దాటేయవచ్చు. దాటేయనివ్వనిది ఒక్కటే, వాటిలో ఉన్న నల్లటి రేణువులు. మనిషి రక్తంలో మలేరియా పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను తిని మిగిల్చే రేణువులూ అచ్చం అవే. ఇప్పుడు వాటిని హిమోజోయిన్ అంటున్నాం. రాస్ ఆ ఏడాది డిసెంబరులో అచ్చువేసిన వ్యాసం పేరులోనే "రంగురేణువులున్న కణాలు" అన్న మాట ఉంటుంది. పరాన్నజీవి తన రంగు తానే తెచ్చుకుంది. దాన్ని గుర్తుపట్టడం రాస్ వంతయింది. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. రంగులే మైక్రోస్కోపీ అనుకునేవాళ్లకు ఈ కథ గట్టి జవాబు.

రంగు ఎందుకు అంటుకుంటుంది

కుంకుమపువ్వు రసంతో కండరపు పోగులకు రంగు వేసి చూసినవాడు లేవెన్‌హుక్, 18వ శతాబ్దం మొదట్లోనే. అయితే రంగులద్దకం ఒక శాస్త్రంగా నిలబడింది 19వ శతాబ్దపు రెండో సగంలో, జర్మనీ రంగుల ఫ్యాక్టరీల పుణ్యాన. 1856లో విలియం పెర్కిన్ కృత్రిమ ఊదారంగు చేశాడు. 1876లో హైన్రిక్ కారో మిథిలిన్ బ్లూ చేశాడు. బట్టలకని చేసిన ఈ రంగులను వైద్యులు కణాలకు పూసి చూశారు. కొన్ని ఒక భాగానికే అంటుకున్నాయి, కొన్ని వేరే భాగానికి.

అలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే బందరు, పెడన కలంకారీ అద్దకాన్ని తలచుకుంటే చాలు. బట్టను కరక్కాయ నీళ్లలో తడిపి, ఎరుపు కావలసిన చోట మాత్రం పటిక నీళ్లు పూసి, తర్వాత మొత్తాన్నీ చిరివేరు కషాయంలో ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాచోట కడిగితే పోతుంది. ఆస్పత్రిలో బయాప్సీ ముక్కకు వేసే హెమటాక్సిలిన్ కూడా చెట్టు నుంచి తీసిందే, మెక్సికో వైపు పెరిగే లాగ్‌వుడ్ మానులోంచి. అది ఒంటరిగా కేంద్రకానికి అంటుకోదు. దానికీ పటికే కావాలి. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో రంగునూ రెండో చేత్తో కేంద్రకంలోని డీఎన్‌ఏనూ పట్టుకుంటుంది. 1865 నుంచి పటిక కలిపిన హెమటాక్సిలిన్ వాడుకలో ఉంది. 1876లో దానికి ఎర్రటి ఇయోసిన్ జోడయింది. నీలి కేంద్రకం, గులాబి కణద్రవ్యం కనపడే ఆ 'హెచ్ అండ్ ఇ' ఇప్పటికీ క్యాన్సరు నిర్ధారణకు మొదటి మెట్టు.

మిగతా రంగుల్లో ఎక్కువ భాగం విద్యుదావేశాన్ని బట్టి అంటుకుంటాయి. మిథిలిన్ బ్లూ ధనావేశం గలది, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల రుణావేశాన్ని పట్టుకుంటుంది. ఇయోసిన్ రుణావేశం గలది, హిమోగ్లోబిన్ వంటి ప్రోటీన్లను పట్టుకుంటుంది. ఈ ఆవేశాలు నీటి ఆమ్లత్వాన్ని బట్టి మారతాయి. అందుకే రంగు సీసా ఎంత ముఖ్యమో ఆ ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే బఫరు సీసా అంత ముఖ్యం. మలేరియా స్లైడుకు పీహెచ్ 7.2 కావాలి. నీళ్లు పులిస్తే వైవాక్స్ జాతి మలేరియాను పట్టించే గులాబి చుక్కలు మాయమవుతాయి. పరాన్నజీవి రక్తంలోనే ఉంటుంది, స్లైడు మీదా ఉంటుంది, కనపడదు. రిపోర్టులో "లేదు" అని పడుతుంది.

ఇంకో చిక్కుంది. రంగు వేయాలంటే చాలావరకు ముందు కణాన్ని మిథనాల్‌తోనో ఫార్మలిన్‌తోనో బిగించాలి, అంటే చంపాలి. చచ్చి, ముడుచుకుని, రంగు పట్టిన ఆకారంలో ఎంత నిజం? 1898లో కమిల్లో గోల్జీ వెండి లవణాలతో నాడీకణంలో ఒక వల లాంటి నిర్మాణం చూపించాడు. అది కణంలో ఉన్నదా, వెండి పుట్టించిన భ్రమా అని అర్ధశతాబ్దం పాటు వాదులాడుకున్నారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక గానీ గోల్జీ మాట నిలబడలేదు. రంగు వేసిన ఏ స్లైడునైనా ఇంత అనుమానంతో చూడడం మంచిది.

మలేరియా స్లైడు

1891లో రష్యాలో రొమనోవ్‌స్కీ, పాతబడిన మిథిలిన్ బ్లూకు ఇయోసిన్ కలిపితే మలేరియా పరాన్నజీవి కేంద్రకం ఊదా ఎరుపుకు తిరుగుతుందని చూపించాడు. సీసాలో పాతబడుతూ మిథిలిన్ బ్లూ కొంత ఆక్సీకరణం చెంది అజూర్‌గా మారుతుంది. ఆ అజూరూ ఇయోసినూ కలిసి డీఎన్‌ఏ మీద కూర్చుంటేనే ఆ రంగు వస్తుంది. లీష్‌మన్ 1901లో, గీమ్సా 1904 నాటికి దాన్ని నమ్మదగిన రంగుగా మార్చారు. మన దేశపు వాటా 1944లో వచ్చింది. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ నీళ్లలోనే కరిగే, నిమిషంలో పని ముగిసే రంగు చేశారు. ఆ ఇద్దరి పేర్లతోనే జె.ఎస్.బి. అయింది. గీమ్సాకు ముప్పావుగంట పట్టే చోట, మిథనాల్ ఖరీదైన కాలంలో, మలేరియా నిర్మూలన పథకాన్ని ఊరూరా మోసింది ఈ రంగే. దీని గురించి మన పాఠ్యపుస్తకాలు మౌనంగా ఉండడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

స్లైడు ఒకటే, పూతలు రెండు. ఒక పక్క మందపు పూత, ఇంకో పక్క పలచటి పూత. పలచటిదాన్ని మిథనాల్‌తో బిగిస్తారు. ఎర్ర కణాలు ఉన్నవి ఉన్నట్టు నిలుస్తాయి, పరాన్నజీవి ఏ జాతిదో చెప్పవచ్చు. మందపుదాన్ని బిగించకూడదు. రంగులోని నీళ్లు తగలగానే దానిలోని ఎర్ర కణాలు పగిలి హిమోగ్లోబిన్ కొట్టుకుపోతుంది. పరాన్నజీవులూ తెల్ల కణాలూ మిగులుతాయి. అంతే జాగాలో ఇరవై ముప్పై రెట్లు ఎక్కువ రక్తం వెతికినట్టవుతుంది. పొరపాటున మిథనాల్ చుక్క మందపు పూత మీదికి జారిందంటే అది ఇక పనికిరాదు. కనీసం వంద ఫీల్డులు (ఒక్క చూపులో కనపడే జాగా ఒక ఫీల్డు) చూడకుండా "మలేరియా లేదు" అని రాయకూడదన్నది నియమం. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన పడే ఈ దీవుల్లో పూత ఆరడమే ఒక పని. ఆరేలోపు ఈగలు, బొద్దింకలు, చీమలు దాన్ని నాకేస్తాయి. దుమ్మూ పురుగూ చేరకుండా మూతపెట్టి ఆరబెట్టమని శిక్షణ పుస్తకాల్లో రాసి ఉండేది ఊరికే కాదు.

అండమాన్ మలేరియా మీద ఎస్. ఆర్. క్రిస్టోఫర్స్ 1912లోనే పూర్తి నివేదిక రాశాడు. ఖైదీల కాలనీల చుట్టూ ఉప్పునీటి మడుగుల్లో పెరిగే దోమే కారణమని తేల్చాడు. ఇప్పుడు దాన్ని అనాఫిలిస్ సుండైకస్ అంటున్నాం. 2004 సునామీ తర్వాత పొలాల్లోకి ఉప్పునీళ్లు చేరి ఆ దోమకు కొత్త ఇళ్లు దొరికాయి.

ఈ పరీక్షకు ఉన్న హద్దు ఎక్కడో కూడా చెప్పాలి. 2004లో మలేషియాలోని సరావాక్‌లో బల్బీర్ సింగ్ బృందం, మైక్రోస్కోపు కింద 'మలేరియే' జాతి అని రాసిన కేసుల్ని జన్యుపరీక్ష చేస్తే అవి కోతుల్లో ఉండే నోలెసీ అని తేలింది. చూపుకు రెండూ ఒకటే. ప్రమాదంలో పోలికే లేదు. నోలెసీ ఒక్క రోజులో తన చక్రం పూర్తిచేసి మనిషిని కూల్చగలదు. అండమాన్ నికోబార్ నమూనాల్లోనూ దాని జన్యువు దొరికినట్టు 2013లో పరిశోధకులు ప్రకటించారు. ఎంత మంచి గీమ్సా అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

పగలు దొరికే బోదకాలు పురుగు

కోస్తా జిల్లాల్లో పెరిగిన పెద్దవాళ్లకు రాత్రి తొమ్మిదింటికి తలుపు తట్టి వేలి నుంచి రక్తం తీసుకున్న ఆరోగ్య సిబ్బంది గుర్తుంటారు. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి చర్మపు రక్తంలోకి వస్తాయి. రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమకు అందడం కోసమే అది. నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో లెక్క తిరగబడింది. అక్కడి పురుగూ వుచెరీరియా బాంక్రాఫ్టీయే, కానీ పగలూ రక్తంలో తిరుగుతుంది. దాన్ని మోసేది అడవిలో చెట్టు తొర్రల్లో పుట్టి పగలు కుట్టే నివియస్ దోమ. 1970లలో బయటపడిన ఈ సంగతిని డాలీగంజ్ పరిశోధకులు తర్వాత వివరంగా పరిశీలించారు. నాన్‌కౌరీలో రాత్రి దోమల్ని, రాత్రి రక్తాన్నే నమ్ముకున్న సర్వే అసలు కథను వదిలేసినట్టే. ఇక్కడ రంగు కాదు, గడియారం ప్రశ్నను నిర్ణయించింది.

రంగు తర్వాత వస్తుంది. పిల్ల పురుగు పొడవు 250 నుంచి 300 మైక్రాన్లు, దాని చుట్టూ పలచటి తొడుగు. తోక కొసలో కేంద్రకాలు లేకపోతే బాంక్రాఫ్టీ. రెండు చుక్కలు విడివిడిగా ఉంటే బోదకాలు తెచ్చే ఇంకో పురుగు, బ్రూజియా. గీమ్సా వేస్తే బ్రూజియా తొడుగు ఎర్ర గులాబిగా మెరుస్తుంది, బాంక్రాఫ్టీ తొడుగు అసలు పట్టదు. తొడుగే లేదనుకుని కొత్తవాళ్లు ఇంకేదో పేరు రాస్తారు. హెమటాక్సిలిన్ వేసి చూస్తే తొడుగు దర్శనమిస్తుంది. ఒకే జీవి, రెండు రంగులు, రెండు జవాబులు.

రంగు పట్టనిది, చీకట్లో దొరికేది

ఈ దీవుల పేరు వైద్య ప్రపంచంలో ఎక్కువగా వినపడేది ఎలుక జ్వరంతో. టేలర్, గోయల్ అనే ఇద్దరు వైద్యులు అండమాన్ ఖైదీల్లో లెప్టోస్పైరా బాక్టీరియా తెచ్చే ఈ జ్వరాన్ని పరిశీలించి 1931లో పుస్తకమే వేశారు. ఆ తర్వాత అందరూ దాన్ని మరిచారు. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని డిగ్లిపూర్ వైపు వానలు వెనకబట్టే కాలంలో జ్వరం, దగ్గులో రక్తం, చావులు మొదలయ్యాయి. కారణం తెలియక 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అని పేరు పెట్టారు. అది ఎలుక జ్వరమేనని 1990లలో డాలీగంజ్ కేంద్రం తేల్చింది. ఇప్పుడా కేంద్రం ఈ వ్యాధికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం. 1931 నాటి పుస్తకం ఎవరైనా తెరిచి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో.

లెప్టోస్పైరా మందం 0.1 మైక్రాను. అబ్బే హద్దులో సగం. మామూలు రంగులు పట్టవు. పట్టినా అంత సన్నటి దాని మీద కంటికి ఆనవు. మామూలు వెలుతురులో స్లైడు ఖాళీగా ఉంటుంది. కండెన్సరు మధ్యలో ఒక నల్లటి బిళ్ల అడ్డం పెడితే నేరుగా వచ్చే కాంతి ఆగిపోతుంది. పక్కల నుంచి ఏటవాలుగా వచ్చిన కాంతి ఖాళీ స్లైడులోంచి లెన్సుకు అందకుండా పక్కకు పోతుంది. ఫీల్డు నల్లబడుతుంది. బాక్టీరియా తగిలి చెదిరిన కాంతి మాత్రమే లెన్సులోకొస్తుంది. ఆ నలుపులో తెల్లటి సన్నటి పోగు, రెండు కొసలూ కొక్కేల్లా వంగి, గిర్రున తిరుగుతూ, అటూ ఇటూ ఈదుతూ కనపడుతుంది. ఇదే డార్క్ ఫీల్డ్. దాని అసలు మందం ఎంతో ఇది చెప్పలేదు; ఉందని చెప్పగలదు. హద్దు దాటి వివరం చూడలేకపోవడం వేరు, ఉనికిని పట్టడం వేరు.

దీన్ని రోగి రక్తం మీద నేరుగా ప్రయోగించబోయి బోల్తా పడినవాళ్లున్నారు. రక్తంలోని ఫైబ్రిన్ పోగులు, పగిలిన ఎర్ర కణాల అంచులు అచ్చం అలాగే కదులుతాయి. పైగా మిల్లీలీటరుకు పదివేల బాక్టీరియాలు ఉంటే గానీ ఫీల్డుకు ఒకటి కనపడదు. అందుకే డార్క్ ఫీల్డ్ అసలు ఉద్యోగం వేరే చోట. బతికి ఉన్న లెప్టోస్పైరాలను పెంచి, రోగి సీరాన్ని పలచన చేస్తూ కలిపి, ఏ పలుచన దాకా అవి గుంపు కడుతున్నాయో చూస్తారు. సగం గుంపు కట్టిన చోట లెక్క ఆపుతారు. 'మ్యాట్' అనే ఈ పరీక్షే ఈ వ్యాధికి ఇప్పటికీ ప్రమాణం. రకరకాల జాతుల్ని ఏళ్ల తరబడి బతికించుకుంటూ రావాలి, చీకటి ఫీల్డుల్లోకి గంటలకొద్దీ చూడాలి. ప్రతి జిల్లాలో ఇది సాధ్యపడదు.

కణజాలంలో దాన్ని చూపాలంటే వెండి పద్ధతి ఉంది. వెండి దాని చుట్టూ పేరుకుని మందంగా చేస్తుంది. 1907లో స్టిమ్సన్ అనే అమెరికన్, పచ్చజ్వరంతో పోయాడనుకున్న రోగి మూత్రపిండంలో ఈ బాక్టీరియాను చూసింది ఆ పద్ధతితోనే.

మెరిసే కఫం, పారే వంగకాడ

కఫంలో క్షయను పట్టడానికి రెండు దారులు. జీల్–నీల్సన్ పద్ధతిలో కార్బల్ ఫ్యుక్సిన్ వేసి వేడిచేస్తారు. మైనపు కోటలాంటి గోడ ఉన్న బాక్టీరియా ఆమ్లంతో కడిగినా ఎరుపు వదలదు. 1882లో కోచ్ క్షయ బాక్టీరియా ప్రకటించిన ఏడాదిలోనే ఈ దారి మొదలైంది. రెండోది ఆరమైన్. ఇది ఫ్లోరెసెన్స్ రంగు, నీలి కాంతి పడితే పసుపుగా మెరుస్తుంది. నల్లటి ఫీల్డులో మెరిసే గీతను తక్కువ రెట్లలోనే పట్టవచ్చు, ఒక్క చూపులో ఎక్కువ జాగా వెతకవచ్చు. పాదరసపు దీపాలు పోయి ఎల్‌ఈడీ వచ్చాక, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే సిఫారసు చేసింది. చీకటి గది అవసరం తగ్గింది, దీపం ఏళ్ల తరబడి నిలుస్తుంది. కరెంటు నమ్మలేని దీవుల్లో ఈ మార్పు ఖరీదైన కొత్త మైక్రోస్కోపులకన్నా పెద్దది. అయినా మిల్లీలీటరు కఫంలో ఐదువేల నుంచి పదివేల బాక్టీరియాలు లేకపోతే ఏ దారిలోనూ కనపడవు.

వ్యవసాయ సంస్థ వైపు వెళ్తే రంగు అక్కర్లేని పరీక్ష ఒకటి కనపడుతుంది. అండమాన్ వంగ, టమాటా, మిరప రైతులకు బాక్టీరియా వడలు తెగులు పెద్ద శత్రువు. పచ్చగా ఉన్న మొక్క రెండు మూడు రోజుల్లో తల వాల్చేస్తుంది. బూజు తెగులా, బాక్టీరియానా అని తేల్చుకోవాలి. వాలిన మొక్క కాడను మట్టానికి పైన అడ్డంగా కోసి, గాజు గ్లాసులోని మంచినీళ్లలో ఆ కోత ముంచి పట్టుకుంటే కొద్ది నిమిషాల్లో పాలలాంటి పోగులు కిందికి దిగుతాయి. అవి రాల్‌స్టోనియా బాక్టీరియాలు. సన్నటి ముక్కను నీటి చుక్కలో పెట్టి, కండెన్సరు కిందికి దించి మైక్రోస్కోపులో చూస్తే నాళం కొస నుంచి మబ్బులా ప్రవహిస్తుంటాయి. కండెన్సరు దించడమే ఇక్కడ తేడా (కాంట్రాస్టు) పుట్టించిన పని. రైతు తానే చేసుకోగలిగిన ఈ పరీక్షకు ఇంకా తగినంత ప్రచారం లేదు.

ఈ సంస్థ పరిశోధించే అండమాన్, టెరెస్సా మేకల వంటి స్థానిక జాతులకు కృత్రిమ గర్భధారణ కావాలంటే వీర్యకణాల బలం తెలియాలి. ఈదుతున్న కణం చూడాలి, చంపకూడదు. 1930లలో డచ్చివాడు జెర్నికే కనుక్కున్న ఫేజ్ కాంట్రాస్ట్ ఆ పని చేస్తుంది. కణంలోంచి వచ్చిన కాంతి కొంచెం ఆలస్యమవుతుంది. కంటికి తెలియని ఆ ఆలస్యాన్ని వెలుగునీడలుగా మారుస్తుంది. 1953లో ఆయనకు నోబెల్ వచ్చింది. దానితోపాటు ఇయోసిన్–నైగ్రోసిన్ పూత వేస్తారు. బతికిన కణం పొర ఇయోసిన్‌ను లోపలికి రానివ్వదు, తెల్లగా ఉంటుంది. చచ్చినది గులాబి అవుతుంది. రంగు పట్టకపోవడమే శుభవార్త అయ్యే పరీక్ష ఇది.

మిగతావి పైపైన చెబితే చాలు. పగడాల్లో ఉండే శైవలాలు పత్రహరితంతో తామే ఎర్రగా మెరుస్తాయి; 1998, 2010, 2016లలో అండమాన్ పగడాలు తెల్లబడినప్పుడు పోయినవి అవే. మడచెట్టు ఆకు సన్నటి కోతకు టొల్యుడిన్ బ్లూ ఒక్కటే వేస్తే కర్రభాగం పచ్చటి నీలంగా, మెత్తటి గోడలు ఊదాగా వేరుపడతాయి. జెల్లీచేప నుంచి 1962లో తీసిన ఆకుపచ్చ ప్రోటీను బతికిన కణానికి రంగు వేసే వీలిచ్చింది. 2014 నోబెల్ తెచ్చిన సూపర్ రిజల్యూషన్ అబ్బే హద్దునే దాటింది. పరిశోధనకు అవి గొప్పవి. ఆస్పత్రి బల్ల దగ్గరికి వాటి దారి ఇంకా దూరం.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ర్యాపిడ్ కిట్లు వచ్చాక మైక్రోస్కోపు ఎందుకన్న మాట వినపడుతోంది. మలేరియా కిట్ పావుగంటలో జవాబు చెబుతుంది, మంచిదే. కానీ అది పట్టే ఫాల్సిపారం జాతి మలేరియా ప్రోటీను మందు వేసుకున్నాక కూడా వారాల తరబడి రక్తంలో ఉంటుంది. పరాన్నజీవులు ఎన్ని ఉన్నాయో, మందుకు తగ్గుతున్నాయో అది చెప్పదు. ఆ లెక్క స్లైడు మీదే. అలాగే నోలెసీ అనుమానం వస్తే స్లైడును పట్టుకుని వేలాడకుండా పీసీఆర్ అనే జన్యుపరీక్షకు పంపాలి.

నా తీర్పు ఇది. గరాచర్మ లాంటి చోటికి నిధులొస్తే ముందు కొనాల్సింది ఎక్కువ రెట్ల యంత్రం కాదు. ఉన్న మైక్రోస్కోపుకే ఒక డార్క్ ఫీల్డ్ కండెన్సరు, ఒక ఫేజ్ వస్తుకటకం, ఒక ఎల్‌ఈడీ ఫ్లోరెసెన్స్ జత చేయించాలి. లెన్సుల మీద బూజు పట్టకుండా సిలికా జెల్ వేసిన, లోపల బల్బు వెలిగే బీరువా చేయించాలి. ఈ తేమలో అది లేకపోతే ఎంత ఖరీదైన లెన్సయినా కొద్ది కాలంలో మసకబారుతుంది. మిగిలిన డబ్బు టెక్నీషియన్ల శిక్షణకు, చూసిన స్లైడుల్ని ఇంకొకరు మళ్లీ చూసే ఏర్పాటుకు పెట్టాలి. స్లైడు మీద రోగి పేరుతోపాటు రక్తం తీసిన వేళ, వేసిన రంగు రాయడం తప్పనిసరి చేయాలి.

చదువరులకు ఒక్క మాట. దీవుల్లో ఉన్నా, మన్యంలో ఉన్నా, చలితో జ్వరం వస్తే మందులషాపు మాత్ర మింగకముందే వేలి రక్తంతో పూత తీయించుకోండి. మాత్ర పడ్డాక పరాన్నజీవులు తగ్గిపోతాయి. ఆ తర్వాత ఏ రంగు వేసినా జాతి చెప్పడం కష్టం.